4 అడుగుల చేపల ట్యాంకుకు ఓవర్‌ఫ్లో ఎంత ఉండాలి, పంపు ఎంతది కొనాలి?

ప్రశ్న అడిగినవారు గుంటూరు బ్రాడీపేటలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు ట్యాంకు కొత్తగా చేయించుకున్నారు. ఇంకా నీళ్లు పోయలేదు. రెండు ఆస్కార్ చేపలు, నాలుగైదు సిల్వర్ డాలర్ చేపలు పెంచాలని ఉందట. రెండున్నర అడుగుల ఎత్తు స్టాండు, అందులో రెండున్నర అడుగుల పొడవు సంప్, అంటే ట్యాంకు నీళ్లు దిగి, గదుల గుండా శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టి. షాపులో గంటకు 5000 లీటర్ల పంపు తీసుకోమన్నారు, ఓవర్‌ఫ్లోకు (ట్యాంకు నీళ్లు పొర్లి సంప్‌లోకి దిగే దారి) 8 అంగుళాల బాక్సు, ఒక అంగుళం పైపు చాలన్నారు. "ఇది సరిపోతుందా? కరెంటు పోతే నీళ్లు పొంగి కింద ఇంటివాళ్ల సీలింగులోకి దిగుతాయేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం ముందే చెప్పేస్తాను. 5000 లీటర్ల పంపు మీకు వద్దు. మీ ట్యాంకులోకి గంటకు 1200 లీటర్లు నిజంగా చేరితే చాలు. అందుకు లేబుల్ మీద 3000 లీటర్లు, ఎత్తు 3 మీటర్లు అని ఉన్న పంపు తీసుకుని, పైకి వెళ్లే పైపులో ఒక వాల్వ్ పెట్టుకోండి. ఓవర్‌ఫ్లో బాక్సు 12 అంగుళాలు చేయించండి. దిగడానికి అంగుళం పైపులు రెండు పెట్టండి. ఒకటి రోజూ పనిచేసేది, రెండోది మొదటిది మూసుకుపోయినప్పుడు ఆదుకునేది. ఇక కరెంటు పోయినప్పుడు నేల తడవకుండా ఉండాలంటే సంప్‌లో కాస్త ఖాళీ వదలాలి. ఎంత ఖాళీయో కింద లెక్క వేసి చూపిస్తాను.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను, తెలిసినవాళ్లకు సంప్‌లు బిగించి ఇస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒకే కారణంతో వస్తాయి. ముందు పంపు కొనేస్తారు, తర్వాత దానికి సరిపడా ఓవర్‌ఫ్లో కోసం తిప్పలు పడతారు. వరుస తిరగేయాలండి. ఓవర్‌ఫ్లోకు సొంత బలం ఏమీ లేదు. పంపు పైకి ఎన్ని నీళ్లు తోస్తే అన్నీ తమంతట తాము కిందికి దిగాలి. దిగే దారి చాలకపోతే మిగిలినవి నేల మీదికే వస్తాయి. కాబట్టి ముందు దిగే దారి ఎంత మోయగలదో తేల్చుకోవాలి, పంపును దానికంటే బాగా తక్కువలో ఎంచుకోవాలి.

1200 ఎక్కడి నుంచి వచ్చింది?

మీ కొలతలకు ట్యాంకు పరిమాణం 9 ఘనపు అడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. గాజు మందం, పైన వదిలే ఖాళీ, అడుగున రాళ్లు తీసేస్తే నీళ్లు దాదాపు 215 లీటర్లు ఉంటాయి. మంచినీటి ట్యాంకులో ఈ నీళ్లు గంటకు నాలుగు నుంచి ఆరుసార్లు సంప్ గుండా తిరిగితే సరిపోతుంది. ఆస్కార్లు బాగా తింటాయి, బాగా మురికి చేస్తాయి కనుక ఐదారు రెట్లు పెట్టుకుందాం. 1100 నుంచి 1300 మధ్య వస్తుంది. అందుకే 1200 అన్నాను.

"పదిరెట్లు తిరగాలి" అనే మాట మీరూ వినే ఉంటారు. ట్యాంకు లోపల నీళ్ల కదలిక గురించి చెప్పే మాటను చాలామంది సంప్ పంపుకు అంటగడుతున్నారు. ట్యాంకులో కదలిక కావాలంటే ఒక చిన్న వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే చిన్న ఫ్యాను లాంటిది) పెట్టుకోండి, తక్కువ కరెంటుతో ఆ పని అయిపోతుంది. రేపు సముద్రపు చేపల వైపు వెళ్లినా ఇదే పద్ధతి. సంప్ గుండా మూడు నుంచి ఐదు రెట్లు, మిగతా కదలికంతా వేవ్‌మేకర్లతో. సంప్‌లో ఉండి మురికిని హరించే బ్యాక్టీరియాకు ఆ మురికి, ఆక్సిజన్ నిలకడగా అందితే చాలు. నీళ్లు ఎంత జోరుగా పారితే అంత శుభ్రం అనుకోవడం సరికాదు. పైగా ఆ జోరుకు స్పాంజీల పక్క నుంచి మురికి తప్పించుకుపోతుంది, గాలి బుడగలు ట్యాంకులోకి ఎక్కేస్తాయి.

ఇక్కడే ఒక మాట. ఆస్కార్ పూర్తిగా పెరిగితే అడుగు పొడవు వస్తుంది. మీ ట్యాంకులో రెండు ఆస్కార్లు పెద్దయ్యాక ఇరుకు పడతాయి. సిల్వర్ డాలర్లు కూడా పెడితే మరీ ఇరుకు. పంపు ఎంత పెద్దది పెట్టినా ఆ ఇరుకు తీరదు. చేపలు పిల్లలుగా ఉన్నప్పుడే బాగా ఆలోచించండి.

లేబుల్ మీది అంకె మీ ట్యాంకుకు చేరే అంకె కాదు

పంపు డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గంటకు ఎన్ని లీటర్లు, రెండోది ఎంత ఎత్తు. మొదటిది అసలు ఎత్తే పని లేకుండా, పైపు కూడా లేకుండా వచ్చే గరిష్ఠం. రెండోది పంపు నీళ్లను నిలబెట్టగల చివరి ఎత్తు. ఆ ఎత్తు దగ్గర ఒక్క చుక్క కూడా బయటికి రాదు. మీ ట్యాంకు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. షాపులో అందరూ మొదటి అంకె చూసి కొంటారు. నేను మాత్రం ముందు రెండోది చూస్తాను.

మీ స్టాండు ఎత్తు రెండున్నర అడుగులు, ట్యాంకు అడుగున్నర. అంటే ట్యాంకు పైఅంచు నేల నుంచి 4 అడుగులు. సంప్‌లో నీటి మట్టం నేల నుంచి అడుగు లోపు. కాబట్టి పంపు నీళ్లను ఎత్తాల్సింది మూడు అడుగుల పైచిలుకు, దాదాపు మీటరు. లెక్క ఎప్పుడూ సంప్‌లోని నీటి మట్టం నుంచి వేయాలి, పంపు కూర్చున్న అడుగు నుంచి కాదు. దీనికి పైపు రాపిడి, ఎల్బోల అడ్డు కలపాలి. నేను ఒక్కో ఎల్బోకు దాదాపు ముప్పావు నుంచి అడుగు ఎత్తు లెక్కగా కలుపుకుంటాను. కచ్చితమైన ఇంజనీరింగ్ లెక్క కాదు గానీ ఇంటి ట్యాంకులకు సరిపోతుంది. మీకు ఒకటి రెండు ఎల్బోలే వస్తాయి కనుక మొత్తం 1.3 మీటర్లు అనుకుందాం.

ఇప్పుడు మోటుగా ఒక లెక్క. 3000 లీటర్లు, 3 మీటర్లు అని ఉన్న పంపు 1.3 మీటర్ల దగ్గర సుమారు 1700 ఇవ్వాలి. లేబుళ్లు కాస్త పెంచి రాస్తారు, జాలీలో మురికి చేరుతుంది, కాబట్టి 1400 నుంచి 1500 అనుకోండి. వాల్వ్ కొద్దిగా మూస్తే మీ 1200 వచ్చేస్తుంది, ముందు ముందు పంపు అరిగినా కాస్త నిల్వ ఉంటుంది. అదే 3000 లీటర్లు, కానీ ఎత్తు 2.2 మీటర్లే అని ఉన్న ఇంకో పంపు అయితే 1200 దగ్గరే ఆగిపోతుంది, వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచినా సరే. 2000 లీటర్లు, 2 మీటర్ల పంపు 700కు పడిపోతుంది. షాపువాళ్లు చెప్పిన 5000 లీటర్ల పంపుకు ఎత్తు 4 మీటర్లు ఉంటే, గంటకు 3000 పైన పైకి తోస్తుంది. ఒక్క అంగుళం పైపు దాన్ని మోయలేదు. మీ భయం నిజమయ్యేది అక్కడే.

పంపు బిగించాక అసలు ఎంత వస్తోందో మీరే కొలుచుకోవచ్చు. ట్యాంకు మీదికి వచ్చే గొట్టాన్ని అదే ఎత్తులో 20 లీటర్ల వాటర్ క్యాన్‌లోకి పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. సంప్‌లోకి పక్క నుంచి బకెట్‌తో నీళ్లు పోస్తూ మట్టం పడిపోకుండా చూసుకోవాలి. 72,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 సెకన్లు పడితే మీ 1200. లేబుల్ ఏం చెప్పినా ఈ అంకెనే నమ్మండి.

పంపు మూతి ముప్పావు అంగుళం ఉంటే పైకి వెళ్లే పైపు అంగుళం వేయండి. మూతి సైజు కంటే సన్నని పైపు ఎప్పుడూ వేయకండి. అర అంగుళం గొట్టం ఉంది కదా అని దాన్ని తొడిగితే పెద్ద పంపు కొన్న డబ్బు పైపు రాపిడికే పోతుంది. వాల్వ్‌తో తగ్గించడం పంపు బయటికి తోసే వైపు చేయాలి, పీల్చే వైపు మూయకూడదు. బయటి వైపు కొంత మూసినంత మాత్రాన ఇలాంటి పంపుకు నష్టం లేదు.

ఓవర్‌ఫ్లో బాక్సు పొడవు

ఓవర్‌ఫ్లోలో రెండు భాగాలున్నాయి, రెంటినీ విడివిడిగా చూడాలి. నీళ్లు పొర్లి లోపలికి పడే అంచు ఒకటి, అక్కడి నుంచి కిందికి దించే పైపు రెండోది.

అంచు విషయంలో నాకు ఇన్నాళ్లూ పనికొచ్చిన లెక్క ఒక్కటే: తెరిచి ఉన్న అంచు ఒక్కో అంగుళానికి గంటకు 250 లీటర్లు. అంత పారుతున్నప్పుడు అంచు మీద నీటి పొర మందం సెంటీమీటరుంపావు వరకు ఉంటుంది. "తెరిచి ఉన్న" అన్న మాట గమనించండి. చేపలు లోపలికి పోకుండా అంచుకు దువ్వెనలా పళ్లు కోస్తారు. ఆ పళ్లు దాదాపు సగం దారి మూసేస్తాయి. 8 అంగుళాల బాక్సులో నిజంగా తెరిచి ఉండేది నాలుగు, నాలుగున్నర అంగుళాలే. అంటే 1000 నుంచి 1100. మీ 1200కు అదే చాలదు, ఒక ఆకు అడ్డం పడితే ఇంకా తగ్గుతుంది. 12 అంగుళాల బాక్సులో ఆరేడు అంగుళాలు తెరిచి ఉంటాయి, 1500 నుంచి 1750 వరకు మోస్తుంది. ఇంకా పొడవు పెట్టగలిగితే పెట్టండి. అంచు పొడవు పెరిగేకొద్దీ నీటి పొర పలచబడుతుంది, పైన తేలే జిడ్డు తెట్టు బాగా లాగేస్తుంది.

పళ్ల మధ్య సందు 5, 6 మిల్లీమీటర్లు ఉంచండి. ఆస్కార్ పిల్లలు మరీ చిన్నవి తెస్తే కొన్నాళ్లు ముతక జాలీ కట్టుకోవచ్చు. దోమతెర లాంటి సన్నటి వల మాత్రం అంచుకు కట్టకండి. పటమటలో ఒకరింట్లో గప్పీ చేపల పిల్లలు పోతున్నాయని అలాగే కట్టారు. రాత్రికి రాత్రి వలకు పాచి, మేత పొట్టు పట్టేసి అంచు మూసుకుపోయింది, తెల్లారేసరికి హాలంతా నీళ్లు.

దించే పైపులు

అంగుళం పైపులో నీళ్లు గాలితో కలిసి దిగుతుంటే గంటకు 2000 లీటర్ల పైచిలుకు దిగగలవు. అయితే ఆ స్థాయిలో గుడగుడమని శబ్దం చేస్తుంది, పడకగదికి దగ్గరైతే నిద్ర పట్టదు. గాలితో పారే పైపు నిశ్శబ్దంగా ఉండాలంటే దాని శక్తిలో సగమే వాడాలి. అదే పైపు గాలి లేకుండా పూర్తిగా నిండి పారితే చాలా ఎక్కువ మోస్తుంది, శబ్దమూ ఉండదు. కానీ నిండుగా పారే పైపుకు ఒక ప్రమాదం ఉంది. అందులో నత్తో ఆకో ఇరుక్కుంటే పక్కన ఇంకో దారి ఉండదు.

అందుకే రెండు పైపుల పద్ధతి చెప్పాను. హాబీలో దీన్ని హెర్బీ అంటారు. మొదటి పైపు మూతి ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటుంది. దాని కింద సంప్ దగ్గర గేట్ వాల్వ్ పెట్టి, పైపు నిండుగా పారేలా, బాక్సులో నీటి మట్టం స్థిరంగా నిలిచేలా సర్దుతారు. రెండో పైపు మూతి ఆ మట్టం కంటే కొంచెం పైన ఉంటుంది. మామూలుగా అందులో చుక్క కూడా పడదు, లేదా సన్నటి ధార పడుతుంది. మొదటిది మూసుకుపోతే బాక్సులో మట్టం పెరిగి మొత్తం ప్రవాహం రెండో దానిలోకి మళ్లుతుంది. రెండో పైపుకు ఎక్కడా వాల్వ్ పెట్టకండి, దాని చివర సంప్‌లో నీళ్లకు పైనే ఉండాలి. అది పారడం మొదలైతే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడే మీకు హెచ్చరిక. మొదటి పైపు చివర మాత్రం సంప్ నీళ్లలో అంగుళం మునిగితే చాలు. లోతుగా ముంచితే లోపలి గాలి బయటికి పోలేక, కరెంటు వచ్చాక పైపు నిండటానికి మొరాయిస్తుంది.

గేట్ వాల్వ్ బదులు బాల్ వాల్వ్ చవక. కానీ దాన్ని వెంట్రుకవాసి కదిపినా ప్రవాహం ఒక్కసారిగా మారిపోతుంది, సర్దడం విసుగు. ఇక్కడ డబ్బు మిగుల్చుకోకండి. మూడో పైపు కూడా పెట్టే బీన్ యానిమల్ పద్ధతి ఉంది, ఇంకా భద్రం. మీ సైజు ట్యాంకుకు రెండు చాలు.

మీ ట్యాంకులో ఇంకా నీళ్లు పోయలేదు, అదే మీ అదృష్టం. వెనక గాజుకు పైభాగంలో రెండు రంధ్రాలు వేయించండి. అడుగు గాజుకు వద్దు, ముఖ్యంగా మేడ మీద అద్దె ఇంట్లో. పైన రంధ్రం దగ్గర కారినా నీళ్లు ఆ రంధ్రం వరకే తగ్గుతాయి. అడుగున వాషర్ పాడైతే ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది. ట్యాంకు చేసిన గాజు షాపులోనే వేయించుకోండి. టఫెన్డ్ గాజైతే రంధ్రం వేయడం కుదరదు, ముక్కలైపోతుంది. ముందే అడిగి తెలుసుకోండి. శానిటరీ షాపులో ఓవర్‌హెడ్ ట్యాంకులకు అమ్మే ట్యాంక్ నిపుల్ బాగానే పనిచేస్తుంది. అంగుళం నిపుల్‌కు అంగుళం రంధ్రం సరిపోదు, దాని మర చుట్ల బయటి కొలత పెద్దది. నిపుల్ కొని చేతిలో పెట్టుకుని వెళ్లి కొలిపించండి. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం రంధ్రం వెడల్పు అంత దూరం వదలాలి. ట్యాంకు వెనక పైపుల కోసం గోడకు అర అడుగు ఖాళీ ఉంచండి.

పైపు దిగేటప్పుడు అడ్డంగా పడుకోబెట్టవద్దు, ఏటవాలుగానైనా దిగుతూనే ఉండాలి. మలుపు తప్పకపోతే 90 డిగ్రీల ఎల్బో బదులు 45 డిగ్రీల బెండ్లు రెండు వేయండి.

రంధ్రం వేయించడం ఇష్టం లేక ట్యాంకు అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సు గురించి ఆలోచించేవాళ్లకు కూడా చెప్పాలి. అందులో వంకీ తిరిగిన పైపు నీళ్లను అంచు దాటిస్తుంది. ఆ వంకీ పైభాగంలో రోజూ కొంచెం గాలి చేరుతుంది. ఒకనాటికి గాలి ఎక్కువై, లేదా కరెంటు పోయి వచ్చినప్పుడు, ధార తెగిపోతుంది. పంపుకు ఆ సంగతి తెలియదు, అది తోస్తూనే ఉంటుంది. మన దగ్గర వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది నేను సిఫారసు చేయను.

కరెంటు పోయినప్పుడు

పంపు ఆగగానే రెండు వైపుల నుంచి నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. ఓవర్‌ఫ్లో అంచు మీదున్న పొర దిగుతుంది. పంపు పైపు మూతి ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటే అది తిరగబడి పీల్చడం మొదలుపెడుతుంది, మూతి గాలికి తేలేదాకా ఆగదు. ఆ మూతి అడుగు లోతున ఉంటే అడుగు నీళ్లూ కిందికే.

మీ ట్యాంకులో ఒక సెంటీమీటరు ఎత్తు అంటే 5.6 లీటర్లు. పంపు మూతిని నీటి మట్టానికి రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉంచారనుకుందాం. అంచు మీది పొర కూడా కలిపి గరిష్ఠంగా 4 సెంటీమీటర్లు దిగుతుంది అనుకుంటే 22 లీటర్లు. పైపుల్లో, బాక్సులో ఉన్నవి ఇంకో నాలుగు. మొత్తం 26 లీటర్లు. మీ సంప్ అడుగు 76 సెంటీమీటర్లు, 35 సెంటీమీటర్లు ఉంటే, ఈ 26 లీటర్లకు సంప్‌లో మట్టం దాదాపు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. సంప్ ఎత్తు 38 సెంటీమీటర్లయితే, మూడు సెంటీమీటర్ల జాగ్రత్త వదిలి, పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు 25 దాటకూడదు. మీ సంప్ కొలతలు వేరైతే ఇదే లెక్కలో అవి వేసుకోండి.

పంపు పైపుకు, నీటి మట్టానికి కాస్త కింద, 3, 4 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చి ధార తెగుతుంది. పాచి పట్టి ఆ చిల్లు పూడుకుపోతుంది కాబట్టి నెలకోసారి పుల్లతో పొడవండి. వన్‌వే వాల్వ్ పెడితే చాలు కదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని సంప్ నింపవద్దు. ఒక్క నత్త గుల్ల ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. నా లెక్కల్లో వన్‌వే వాల్వ్ లేదనే అనుకుంటాను.

ఇప్పుడు దీనికి వ్యతిరేకం. కరెంటు ఉంది, దించే పైపులు రెండూ ఏదో కారణంతో మూసుకుపోయాయి. అప్పుడు పంపు సంప్‌లోని తన గదిలో ఉన్న నీళ్లన్నీ పైకి తోసి, ఖాళీగా తిరుగుతుంది. ఆ నీళ్లు ట్యాంకులో పట్టాలి. పంపు గది 25 సెంటీమీటర్లు, 35 సెంటీమీటర్లు ఉండి, పంపు పీల్చే మూతికి పైన 12 సెంటీమీటర్ల నీళ్లుంటే అవి పదిన్నర లీటర్లు. మీ ట్యాంకులో అది 2 సెంటీమీటర్ల కంటే తక్కువ. ట్యాంకు పైన మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే నేల మీద చుక్క పడదు. అందుకే పంపు గది చిన్నదిగా ఉండాలి. పెద్ద గది పెట్టించుకుంటే నీళ్లు ఎక్కువ పడతాయని సంతోషపడతారు గానీ, రెండో అంతస్తులో ఉండేవారికి చిన్న గదే రక్ష.

చిన్న గదితో ఒక ఇబ్బంది ఉంది, దాచను. నీళ్లు ఆవిరైతే ఆ తగ్గుదల ట్యాంకులో కనపడదు, అంతా పంపు గదిలోనే కనపడుతుంది. మే నెలలో ఫ్యాను కింద ఉన్న ట్యాంకు రోజుకు 5 లీటర్లు కోల్పోయిందంటే, ఆ గదిలో మట్టం దాదాపు 6 సెంటీమీటర్లు పడిపోతుంది. రెండు రోజులు ఊరెళితే పంపు గాలి పీలుస్తూ బర్రుమంటుంది, ఇంకొంతసేపటికి కాలిపోతుంది. వేసవిలో రోజూ పొద్దున్నే కాసిని నీళ్లు పోయడం అలవాటు చేసుకోండి. కూలర్లలో వాడే ఫ్లోట్ వాల్వ్ పెట్టుకోవచ్చు. దానికి మేడ మీది ట్యాంకు లైను కలపకండి. పది, ఇరవై లీటర్ల డబ్బా పైన పెట్టి దాని నుంచి ఇవ్వండి. వాల్వ్ ఇరుక్కుపోయినా ఆ డబ్బాలో ఉన్నంతే వస్తుంది. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు వేసే ఆ డబ్బా నింపాలి.

పెద్ద పంపు వల్ల ఇంకో రెండు నష్టాలు

మొదటిది వేడి. నీళ్లలో మునిగి ఉండే పంపు వాడే కరెంటు దాదాపు అంతా చివరికి నీళ్లలోకి వేడిగానే చేరుతుంది. విజయవాడ, గుంటూరుల్లో మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటడం మామూలే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పట్టే ఆక్సిజన్ 32 డిగ్రీల దగ్గర 7.3కు తగ్గుతుంది. చేపలకు మాత్రం వేడిలో ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అలాంటప్పుడు 60 వాట్ల వేడిని 24 గంటలూ మనమే కలపడం ఎందుకు?

రెండోది బిల్లు. 60 వాట్ల పంపు నెలకు 43 యూనిట్లు తింటుంది, 25 వాట్లది 18 యూనిట్లు. 25 యూనిట్ల తేడాతో శ్లాబు మారితే బిల్లు ఇంకా పెరుగుతుంది. కాబట్టి కొనేముందు లీటర్లు, ఎత్తుతో పాటు వాట్లు కూడా చూడండి. వేగం తగ్గించుకోగల డీసీ పంపులు కరెంటు తక్కువ తింటాయి, నిశ్శబ్దంగా ఉంటాయి. ధర ఎక్కువ, వోల్టేజి ఎగుడుదిగుళ్లకు వాటి అడాప్టర్లు పోతుంటాయి. స్టెబిలైజర్ ఉంటే తీసుకోండి.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కనుక రెండు మూడు నెలలకోసారి పంపు విప్పి, లోపల తిరిగే రెక్కను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి కడగండి. చాలామంది పంపు పాడైందని పారేసేది సున్నం పట్టిన రెక్క వల్లే.

చేపలు వేయకముందు

కాస్త టైమ్ తీసుకుని ఈ పరీక్షలు చేయండి. ట్యాంకు, సంప్ నింపి పంపు నడపండి. మట్టాలు కుదురుకున్నాక పంపు ఆపేయండి. నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా చూడండి. సంప్ పొర్లకపోతే మళ్లీ నడిపి, నడుస్తున్నప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఇంట్లో ఎవరు నీళ్లు పోసినా ఆ గీత దాటకూడదని చెప్పండి. తర్వాత మొదటి పైపు మూతిని గుడ్డతో మూయండి, రెండోది మొత్తం మోస్తుందో లేదో చూడండి. తర్వాత రెండూ మూసి, ట్యాంకు పొర్లకముందే పంపు గది ఖాళీ అవుతుందో లేదో చూడండి. పంపు గాలి పీల్చగానే ఆపేయండి. చివరగా స్విచ్ వేసి తీసి, వేసి తీసి, ప్రతిసారీ మొదటి పైపు తనంతట తాను మళ్లీ నిండుతోందా అన్నది గమనించండి. మొదటి నిమిషం రెండు నిమిషాలు రెండో పైపులో గలగలమంటూ పడుతుంది, అది సహజం. ఇవన్నీ నెగ్గితేనే చేపలు తెచ్చుకోండి. కింద ఇంటివాళ్ల సీలింగు గురించి మీకున్న టెన్షన్ ఒక్క సాయంత్రంలో తీరిపోతుంది.

కరెంటు జాగ్రత్త కూడా. పంపు వైరు బోర్డుకు వెళ్లేముందు కిందికి వేలాడేలా ఒక వంపు ఉంచండి. వైరు మీదుగా జారిన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, ప్లగ్గులోకి పోవు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. అద్దె ఇల్లయినా సరే, ఇది మానవద్దు. నీళ్లలో చేయి పెట్టేముందు పంపు స్విచ్ తీసేయండి.

ఇన్వర్టర్ మీద పంపు నడపవచ్చా అని తర్వాత మీరే అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే నడపవచ్చు. స్క్వేర్‌వేవ్ అయితే ఏసీ పంపు గుర్రుమంటూ వేడెక్కుతుంది, దాని మీద పెట్టకండి. అలాంటి ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనుక్కుని, దాని బుడగల రాయి ఒకటి ట్యాంకులో, ఇంకొకటి సంప్‌లో బ్యాక్టీరియా పెరిగే సరుకు (మీడియా) ఉన్న గదిలో వేయండి. కరెంటు గంటల తరబడి పోతే చేపలతో పాటు ఆ బ్యాక్టీరియాకూ ఊపిరి కావాలి. ఎయిర్ పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టంలో వన్‌వే వాల్వ్ వేయండి. లేకపోతే అది ఆగినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వస్తాయి.

సంప్ లోపలి గదుల కొలతలు, మీ షాపులో దొరికే పంపుల లేబుల్ ఫొటోలు పెట్టండి. వాటిలో ఏది తీసుకోవాలో లెక్క వేసి చెబుతాను.